కొలత కోసం నిలబడ్డ మనిషి

మా వైతోరా ఊరి వాళ్ళకి కోతలు పుట్టుకతో వచ్చిన విద్య. మా తాతలు చెట్లు కోశారు. కోయడానికి చెట్లు మిగలకపోయేసరికి మా నాన్నలు, ఆ చెట్లు ఎంతెంత పెద్దవో చెబుతూ కోతలు కోశారు. నా పేరు క్లెమ్, నాది మాంసం కొట్టు. పొద్దున్న పూట గొర్రెని కోస్తాను, సాయంత్రం పూట తాతల పేరు మీద కోస్తాను. ఊరి హాల్లో ఏ సభ జరిగినా మైకు నాకే ఇస్తారు. క్లెమ్‌కి మైకు అవసరం లేదు, పాపం మైకుకే క్లెమ్ అవసరం అంటుంది హాలు కమిటీ పెద్ద నైరీ.

మా కొండల నిండా ఒకప్పుడు కౌరి చెట్లు. పైన్ చెట్టుకి పెద్దన్న వరస. కోరి కోరి కౌరిని కొట్టేశాక ఇప్పుడు చెట్టు లేదు, చెట్టు ఫొటో ఉంది. అడవి లేదు, అడవి తాలూకు గొప్ప ఉంది. ఆ ఫొటోలన్నీ మా హాలు గోడల మీదే వేలాడుతుంటాయి. బురదలో దుంగల్ని లాగుతున్న ఎద్దుల బారు ఒకటి. వాగుకి కట్టిన చెక్క ఆనకట్ట తలుపు తీస్తే నీళ్ళతో పాటు దుంగలు ఎగిరి దూకుతున్నది ఒకటి. సగం నరికిన మాను గాటులో ఆరుగురు మగాళ్ళు మంచం మీద పడుకున్నట్టు పడుకుని, మానుకోవడం తెలియని మొహాలతో కెమెరాకేసి చూస్తున్నది ఇంకొకటి. మొద్దుల మీద కూర్చున్న మొద్దులు బోలెడుమంది. అందరూ మా పూర్వీకులే, పోలికలు తెలుస్తూనే ఉంటాయి.

వాటన్నిటికీ పెద్ద దిక్కు స్టేజి పక్కన ఉండే ఫొటో. పోస్టుకార్డంత కాగితంలో, చట్రం పట్టనంత కౌరి. మేం దాన్ని పెద్దాయన అంటాం. పెద్దాయన మొదలు దగ్గర ఒక మనిషి గొడ్డలి ఆనించి నిలబడి ఉంటాడు, వాన కాలపు అలవాటు కొద్దీ పొగాకు పైపుని బోర్లించి నోట్లో పెట్టుకుని. మొహం బియ్యపు గింజంత. కింద కార్డు మీద రాసి ఉంటుంది: “కొలత కోసం నిలబెట్టిన మనిషి. పేరు తెలియదు.”

కొండకి అవతలి లోయలో ఓరుమై అని ఒక ఊరుంది. ఓర్వలేనితనం ఆ ఊరి పేరులోనే ఉంది. వాళ్ళకీ ఒక ఫొటో ఉంది, అందులోనూ ఒక కౌరి ఉంది, అది మా పెద్దాయన కన్నా పెద్దదని వాళ్ళ వాదన. ఎనభై ఆరో సంవత్సరంలో ఈ వాదన ముదిరి పాకాన పడింది. ఎందుకంటే పెద్ద రోడ్డు చీలిక దగ్గర కౌంటీ వాళ్ళు ఒక బోర్డు పెడతామన్నారు: “దేశంలోకెల్లా పెద్ద కౌరి పెరిగిన లోయ.” దాని కింద ఒకే ఒక్క బాణం. ఎడమకి తిరిగితే మా ఊరు, కుడికి తిరిగితే ఓరుమై. బాణం ఎటు తిరిగితే టూరిస్టు బస్సులు అటు తిరుగుతాయి. బస్సులు తిరిగిన ఊరి దశ తిరుగుతుంది.

రెండు చెట్లూ పోయాయి, మోళ్ళు కూడా కాలిపోయాయి. మరి కొలిచేదెలా? కౌంటీ ఇంజినీరు డాలో గారు ఉపాయం చెప్పాడు. రెండు ఫొటోల్లోనూ పక్కన మనిషి ఉన్నాడు కదా. మామూలు మగవాడి ఎత్తు అయిదడుగుల ఎనిమిది అంగుళాలు అనుకుంటే, మాను వెడల్పు మనిషికి ఎన్నింతలుందో చూసి లెక్క కట్టొచ్చు. చిన్న ఫొటోల మీద కొలిచి చూస్తే మా పెద్దాయన జానెడు ఎక్కువ తేలాడు. కానీ బియ్యపు గింజ మీద తీర్పు చెప్పలేనన్నాడు డాలో. శనివారం మా హాల్లోనే సభ. రెండు ఊళ్ళూ పెద్ద ఫొటోలు తెచ్చి పక్కపక్కన పెట్టాలి. ఇక అది ఫొటో కాదు, పోటీ.

అప్పుడే నైరీకి స్టేజి కింద, పాత కుర్చీల వెనక, మేకులు కొట్టిన చెక్కపెట్టె దొరికింది. దాని నిండా గాజు పలకలు. ఆ ఫొటోలన్నీ తీసిన స్పెడింగ్ అనే ఫొటోగ్రాఫరు పలకలవి, ఆ రోజుల్లో ఫిల్ముకి బదులు ఫొటో గాజు మీదే దిగేది. పెద్దాయన పలకని దుప్పట్లో చుట్టి, పసిపిల్లని ఒళ్ళో పెట్టుకున్నట్టు పెట్టుకుని, బస్సులో ఆక్లండ్ తీసుకెళ్ళి తలుపంత ఫొటో వేయించుకొచ్చింది. గురువారం మధ్యాహ్నం దాన్ని స్టేజి మీద నిలబెట్టాం. నా ఒళ్ళు పులకరించింది. బెరడు మీద గీతలు లెక్కపెట్టొచ్చు. నాచు తడి కనబడుతోంది. ఎనభై ఏళ్ళుగా గింజంత ఉన్న మనిషికి ఒక్కసారిగా కళ్ళు, ముక్కు, చెవులు మొలిచాయి.

సరిగ్గా అప్పుడే మాకు టీలోకి స్కోన్ బన్నుల ట్రే పట్టుకుని మిస్ ట్రెవిన్ లోపలికి వచ్చింది. హెట్టీ ట్రెవిన్ నలభై ఏళ్ళు ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజి నడిపింది. ఊరు ఊరంతా మాట్లాడుకున్నది విని, ఎవరికీ ఏదీ చెప్పని ఒకే ఒక్క మనిషి. ఆమె ఫొటో ముందు ఆగింది. చూసింది. ట్రేని పియానో మీద పెట్టింది, సరిగ్గా దాని మీటల మీదే, అది ఒక వికృత స్వరం పలికింది.

“అది మా నాన్న ప్యాంటు,” అంది.

నేనూ నైరీ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నాం. మిస్ ట్రెవిన్ దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి చూపించింది. కుడి మోకాలి మీద మాసిక. జీను తోలుతో వేసిన మాసిక, ఆకు ఆకారంలో ఉంది. ఆ ప్యాంటు ఇప్పటికీ తన ఇంట్లో ఉందట. వాళ్ళ నాన్న పేరు జేబెజ్ ట్రెవిన్, కార్న్‌వాల్ నుంచి వచ్చాడు. ఆమెకి నాలుగేళ్ళప్పుడు వాగులో దుంగ తగిలి పోయాడు. ఆ మరుసటి ఏడే ఇల్లు కాలిపోయింది. పెళ్ళి ఫొటోతో సహా అన్నీ పోయాయి. ఆ వేళ వాళ్ళమ్మ పాత బట్టలు ఉతికి తీగ మీద ఆరేసింది కాబట్టి ఆ ప్యాంటొక్కటీ మిగిలింది. వాళ్ళ నాన్నది ఒక్క ఫొటో కూడా లేదు. ఆయన మొహం ఆమెకి గుర్తు లేదు.

మాసిక సంగతి సరే, నాకు చెవులు చాలు. ఫొటోలో టోపీ కింద నుంచి రెండు పక్కలా తలుపులు తెరిచినట్టున్న ఆ చెవులే మిస్ ట్రెవిన్‌కీ ఉన్నాయి. ఎక్స్ఛేంజిలో వినడానికే పుట్టిన చెవులని ఊరంతా అనుకునేది. అవి వారసత్వం అన్నమాట.

నాకు ఎక్కడలేని హుషారు పుట్టుకొచ్చింది. పేరు తెలియని మనిషికి పేరు దొరికింది, పోటీకి రెండు రోజుల ముందు, ఆయన కూతురు చేత. కార్డు పీకి జేబులో పెట్టుకుని, ఆయన గురించి ఇంకేం తెలుసో చెప్పమని ప్రాణం తీశాను. ఆమెకి తెలిసింది తక్కువ. మిల్లులో చేరకముందు ఆయన అడవుల్లో గాజు మోసేవాడని అమ్మ అనేదట. గాజేమిటో, అడవిలో ఎందుకో అమ్మకీ తెలియదు. గాజు అంటే బీరు సీసాలే అయ్యుంటాయి, అయినా దాన్ని మోయడం అనరు, సేవించడం అంటారని నేనన్నాను. మిస్ ట్రెవిన్ నవ్వలేదు. ఫొటో ముందు నుంచి కదల్లేదు కూడా. ఆమె వేలి కొసతో ఆ మొహాన్ని తడమడం చూసి నేను నోరు మూసుకున్నాను. నా జీవితంలో అది అరుదైన ఘట్టం.

మర్నాడు పొద్దున్నే ఆమె కాగితపు సంచితో నా కొట్టుకి వచ్చింది. ప్యాంటు తీసి, గొర్రె తొడల పక్కన, కౌంటరు మీద పరిచింది. ఆకు ఆకారపు మాసిక అక్కడే ఉంది. నేను సంబరంగా దాన్ని ఎత్తి నడుముకి ఆనించుకుని అద్దంలో చూసుకున్నాను. అంచులు నా మోకాళ్ళ కింద బెత్తెడు దూరంలో ఆగిపోయాయి.

మడిచి కుట్టారా అని అడిగాను.

“లేదురా. మా నాన్న అయిదడుగులు కూడా లేడు. అమ్మ చెప్పేది, టోపీతో కలిపి కొలిచినా తన భుజానికి వచ్చేవాడు కాదట.”

నా చేతిలోంచి ప్యాంటు జారింది. జేబెజ్ పేరుకు తగ్గట్టు జేబులో పట్టే మనిషి. ఆయన పొట్టివాడైతే, ఆయన్ని పెట్టి కొలిచిన పెద్దాయన కూడా పొట్టివాడే. మనిషి ఎంత తగ్గితే మానూ అంత తగ్గుతుంది. జానెడు ఆధిక్యం కాదు కదా, ఓరుమై చెట్టు పక్కన మాది గుంజలా నిలబడుతుంది. బాణం కుడికి తిరిగిపోయే చప్పుడు నాకు కౌంటరు వెనక వినిపించింది.

బతిమాలాను. శనివారం గడిచిపోనివ్వండి, బోర్డు లేవనివ్వండి, తర్వాత బంగారు అక్షరాలతో పేరు వేయిద్దాం, ఎత్తు మాట మాత్రం ఎత్తొద్దు అన్నాను. ఊరి పరువు అన్నాను. మూతబడ్డ బేకరీ అన్నాను. నాకు తెలిసిన మాటలన్నీ వాడేశాను.

ఆమె ప్యాంటుని మడతపెట్టింది, అంచులు సమానంగా వచ్చేదాకా.

“చూడు క్లెమ్. ఇన్నేళ్ళకి మా నాన్న మొహం చూశాను. ఆయన్ని ఆయనలాగే ఉండనియ్యి. ఇంకొకడి ఎత్తు తొడిగి పేరు పెడితే ఆయన కాదు గదా. అలా అయితే పేరు తెలియదనే చదువు.”

సంచి తీసుకుని వెళ్ళిపోయింది. కొనడానికి వచ్చిన సాసేజీలు కూడా మర్చిపోయింది.

శనివారం హాలు కిటకిటలాడింది. ఓరుమై వాళ్ళు రెండు బస్సుల్లో దిగారు, తమ తలుపంత ఫొటోకి దుప్పటి కప్పి, పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు. వాళ్ళ నాయకుడు మాటె ఉర్లిచ్. పేరే మాటె, మాటకు మాట అప్పజెప్పడం ఆయన పని. వాళ్ళ తాత యూరప్‌లోని డాల్మేషియా నుంచి, నేలలో గడ్డకట్టిన కౌరి జిగురు తవ్వుకోవడానికి వచ్చాడు, మనవడు గొయ్యి తవ్వడానికి వచ్చాడు, మాకు. నా గడ్డం కింద కొవ్వు చూసి, “ఏమోయ్ క్లెమ్, మీ చెట్టు కన్నా నీ చుట్టుకొలతే పెరిగినట్టుందే” అన్నాడు. నేను అవునని తలూపాను. అది చూసి ఆయనే కంగారుపడి, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

మైకు తీసుకున్నాను. చేతిలో కాగితం మీద నైరీ రాసిచ్చిన వాక్యం ఉంది, పాత కార్డు మీదిదే. ముందు వరసలో మిస్ ట్రెవిన్ కూర్చుంది, ఒళ్ళో కాగితపు సంచి. ఆమె నాకేసి చూడటం లేదు, నా వెనక ఉన్న ఫొటోకేసి చూస్తోంది. ఎనభై ఏళ్ళుగా పేరు తెలియదని చదివాం, నిజంగానే తెలియదు కాబట్టి. ఇప్పుడు తెలుసు. తెలిసినది తెలియదని చదవడానికి నోరు తెరిచాను. మొదటిసారిగా మైకు నేను అవసరం లేదనుకుంది.

చివరికి వచ్చిన మాట వేరు. ఈయన పేరు జేబెజ్ ట్రెవిన్ అన్నాను. ముందు వరసలో ఉన్నావిడ ఆయన కూతురు అన్నాను. ఆయన అయిదడుగులు కూడా లేడు, ఇదిగో ఆయన ప్యాంటు అన్నాను. మిస్ ట్రెవిన్ లేచి సంచి అందించింది. మాంసం కొట్టువాడు ప్యాంటుని నడుముకి ఆనించుకుని స్టేజి మీద నిలబడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ముందు నవ్వారు. తర్వాత లెక్క అర్థమైంది. మా వాళ్ళ వైపు నుంచి ఒక మూలుగు లేచింది, గాటు పడిన మాను ఒరిగే ముందు చేసే చప్పుడు లాంటిది. డాలో గారు పెన్సిలు తీశాడు. ఓరుమై బస్సులు రెండూ హాల్లోకే వచ్చేసినట్టు హోరెత్తింది.

మాటె స్టేజి ఎక్కాడు. పాపం, మరీ మిడిసిపడలేదు. వైతోరా వాళ్ళ నిజాయితీకి జోహారు అని, ఆ నిజాయితీని బోర్డు మీద కూడా రాయించుకోవచ్చని, చెట్టు సంగతి మాత్రం తమకి వదిలేయమని చెప్పి, తమ ఫొటో మీది దుప్పటి లాగాడు.

మహా వృక్షమే. ఒప్పుకోక తప్పదు. దాని మొదలు దగ్గర ఒక మనిషి గొడ్డలి ఆనించి నిలబడ్డాడు.

మిస్ ట్రెవిన్ మెల్లగా మెట్లెక్కింది. ఓరుమై ఫొటో ముందు నిలబడి, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. హాల్లో అందరికీ వినబడేట్టు అడిగింది, ఎవరో లేటుగా ఇంటికి వస్తే అడిగినట్టు:

“మాటె, మా నాన్న మీ ఊళ్ళో ఏం చేస్తున్నాడు?”

బోర్లించిన పైపు. తలుపుల్లాంటి చెవులు. కుడి మోకాలి మీద ఆకు ఆకారపు మాసిక. మాటె వంగి చూశాడు. మాటకు మాట చెప్పే మాటెకి మాట రాలేదు. నేను ఒక్క ఉదుటున దూకి రెండు ఫొటోల మధ్య నిలబడ్డాను. అప్పుడు కనబడింది, ఇన్నేళ్ళూ కళ్ళ ముందే ఉండి కనబడనిది. గొడ్డలి. మామూలు మనిషికి గొడ్డలి కామ నడుము దగ్గర ఆగుతుంది. రెండు ఫొటోల్లోనూ అది ఆయన ఛాతీకి తగులుతోంది. మా ఊరి చెట్టు ఎంత తగ్గిందో, వాళ్ళ చెట్టూ సరిగ్గా అంతే తగ్గింది. మైకు సంగతి మర్చిపోయి అరిచాను. మైకు ఉన్నా లేకపోయినా తేడా లేదని అందరూ తర్వాత చెప్పారు.

కానీ ఒక మనిషి రెండు లోయల్లో, రెండు చెట్ల దగ్గర, అదే ప్యాంటుతో ఎందుకున్నాడు? అది అడిగింది మాటె. నైరీ అప్పటికే కుర్చీల మధ్య నుంచి పరిగెడుతోంది. స్టేజి కింద నుంచి చెక్కపెట్టె లాక్కొచ్చి, ఎత్తబోయి ఎత్తలేక, తన నడుం పట్టుకుని మాటె ముందు ఆగింది.

“ఇది మోసిందెవరు? స్పెడింగ్ ఒక్కడే ఇంత బరువు కొండలెక్కించాడా?”

గాజు పలకలు. పెట్టె నిండా గాజు.

మిస్ ట్రెవిన్ వంగి ఒక పలక అంచు తడిమింది. గాజు మోసేవాడు. రెండు లోయల్లోనూ ఫొటోలు తీసింది స్పెడింగే. మాను కొట్టేవాళ్ళకి పని మానుకుని ఫొటో కోసం నిలబడే తీరిక ఎక్కడిది? పలకలు మోసుకొచ్చిన మనిషినే చెట్టు పక్కకి వెళ్ళి నిలబడమనేవాడు స్పెడింగ్. పైగా ఆ మనిషి పొట్టివాడైతే చెట్టు ఇంకా పెద్దగా కనబడుతుంది, ఫొటో ఇంకా బాగా అమ్ముడుపోతుంది. బుర్ర ఉన్నవాడు స్పెడింగ్. మా రెండు ఊళ్ళూ ఒకే చిన్న మనిషి పక్కన నిలబడి ఎనభై ఏళ్ళు రొమ్ము విరుచుకున్నాయి.

“అయితే మిగతావాటిలో కూడా ఉంటాడు,” అంది నైరీ.

ఆ మాటతో సభ అనేది లేకుండా పోయింది. వైతోరా, ఓరుమై తేడా లేకుండా జనం గోడల మీద పడ్డారు. భూతద్దాలు దొరక్క పిల్లలు సీసా అడుగులు తెచ్చారు. ముసలివాళ్ళు ఒకరి కళ్ళద్దాలు ఒకరు మార్చుకున్నారు. లామింగ్టన్ కేకులు కాళ్ళ కింద నలిగాయి. ఎద్దుల బారు చివర, బండిచక్రం పక్కన, అదిగో చెవులు. ఆనకట్ట తలుపు మీద, ఎగిరే దుంగలకి కాస్త ఎడంగా, అదిగో పైపు. గాటులో పడుకున్న వాళ్ళు ఆరుగురని ఇన్నాళ్ళూ అనుకున్నాం, మూలన ఏడో వాడు కూర్చుని ఉన్నాడు, మోకాలి మీద ఆకు. ఎవరికి దొరికితే వాళ్ళు మిస్ ట్రెవిన్‌ని కేకేసేవారు. ఆమె ఈ గోడ నుంచి ఆ గోడకి, డెబ్బై దాటిన మనిషి, దాదాపు పరిగెత్తింది. ఒక్క ఫొటో లేని మనిషికి అడవంతా నాన్నే అయ్యాడు. మాటె ఆమె హ్యాండుబ్యాగు మోస్తూ వెనకాలే తిరిగాడు.

ఈ గోలలో డాలో గారు పాపం లెక్క పూర్తి చేశాడు. మా పెద్దాయనే పెద్ద, కాకపోతే పెద్ద ఫొటోల మీద కొలిచేసరికి తేడా జానెడు కాస్తా బెత్తెడు అయింది. ఇంకో చిక్కు కూడా ఉందని నా చెవిలో చెప్పాడు. ఇంత తగ్గాక దేశంలోకెల్లా పెద్దది రెండూ కావు, పడమటి అడవిలో ఇప్పటికీ నిలబడి ఉన్నదే పెద్దది. కావాలంటే బోర్డు మీద ఈ రోడ్డుకి పెద్దది అని రాయొచ్చన్నాడు. బాణం ఎటు అని కూడా అడిగాడు. బాణం సంగతి తర్వాత, ముందు మీరు ఆ కిటికీ పక్క ఫొటో చూడండి, మీ చూపు మంచిదిగా ఉంది అన్నాను. ఆయన పెన్సిలు చెవి మీద పెట్టుకుని వెళ్ళాడు. ఆయనకే దొరికింది.

అది ఎవరూ పట్టించుకోని ఫొటో. కౌరి అయిపోయాక ప్రభుత్వం వాళ్ళు పైన్ చెట్లు పెంచడం మొదలుపెట్టినప్పటి నారుమడి. వరసలు వరసలుగా వేలెడంత మొలకలు, ఎక్కడా నీడ లేదు. ఆ వరసల మధ్య గొడ్డలి లేకుండా, చేతులు కట్టుకుని, పైపు తిన్నగా పెట్టుకుని జేబెజ్ ట్రెవిన్. ఎప్పటిలాగే కొలత కోసమే నిలబెట్టి ఉంటారు. మొలకలు ఆయన బూటు మడమ దాటలేదు. చుట్టూ అంతా చిన్నది, ఆకాశం దాకా ఆయనొక్కడే.

మిస్ ట్రెవిన్ ఆ ఫొటోని గోడ మీంచి తీయమంది. మాటె తీసి చేతికిచ్చాడు. ఆమె దాన్ని కాస్త దూరంగా పట్టుకుని చూసింది. చెవులదాకా నవ్వింది, ఆ చెవులకి అది చాలా దూరం.

“క్లెమ్, దీని కింద ఎత్తు రాయక్కర్లేదురా. పేరు చాలు.”

నేను జేబులోంచి పాత కార్డు తీసి, వెనక్కి తిప్పి, నైరీ దగ్గర పెన్ను అడిగాను.